చేసినవి పదకొండు

చెక్క నమూనాల షాపు,
ఫిబ్రవరి 4

మా అక్కకి,

క్షేమసమాచారాలు చివర రాస్తాను. ముందు అసలు సంగతి చెప్పకపోతే నాకు కడుపుబ్బరంగా ఉంది. మా పెద్దమేస్త్రి వచ్చే నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆయన పోస్టుకి నేను అర్జీ పెట్టాను!

నవ్వకు. నా ఉద్యోగం పేరు ఇప్పటికీ "వార్నిషు పనిమనిషి" అనే ఉంది, నిజమే. తొమ్మిదేళ్ళ కింద నేను చేరింది గరుకుకాగితం రుద్దడానికీ, వార్నిషు పుయ్యడానికే. కానీ పెద్దమేస్త్రి కళ్ళకి శుక్లాలు వచ్చిన సంగతి, ఎవరికీ చెప్పనని ఆయనకి ఒట్టేసి కూడా, నీకు ఒకసారి చెప్పాను కదా. మూడేళ్ళుగా ఆయనకి డ్రాయింగు మీద గీతలు కనపడవు. ఆయన స్టూలు మీద కూర్చుని "ఊ, చెప్పు" అంటాడు, నేను కాగితం చూసి చెప్తాను. మొదట్లో చెక్క ఆయనే కోసేవాడు. తర్వాత అదీ నాకే వచ్చింది. కింద సంతకం మాత్రం ఆయనది.

ఈ పని నాకెంత ఇష్టమో నీకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. చెక్కతో నమూనా చేస్తాం, పోతపోసేవాళ్ళు దాన్ని ఇసుకలో అదిమి తీస్తారు, ఆ గుంటలో ఇనుము పోస్తారు. వస్తువు లోపల బోలుగా ఉండాల్సినచోట ఇసుకముద్ద పెడతారు. ఆ ముద్దకి అచ్చుపెట్టె మేమే చెయ్యాలి. అంటే వస్తువుకి తిరగేసినదాన్ని చెక్కలో చెయ్యాలి. అందరూ ఇక్కడే తికమకపడతారు. నాకు మాత్రం కాగితం చూడగానే అది లేచి నిలబడి చుట్టూ తిరుగుతుంది. నేనేమీ చెయ్యను, అదే తిరుగుతుంది.

ఇప్పుడు కొత్తగా పరీక్ష పెట్టారు. బొమ్మలు తిప్పే పరీక్షట. అది మీ సంస్థ తయారుచేసిందేనని కాగితం కింద చూసి ఎగిరి గంతేశాను. లోపలి గుట్టు కాస్త చెప్పవే! మీ మరిది అయితే "మీ అక్క ఉండగా నీకేం భయం" అంటున్నాడు. ఆయన నిన్న మంచం తిప్పి వెయ్యబోయి మూడుసార్లు గోడకి కొట్టాడు. మగబుర్ర!

మేమంతా బాగున్నాం. నువ్వు వేళకి తిను.

నీ చెల్లి


పరీక్షల సంస్థ, రెండో అంతస్తు,
ఫిబ్రవరి 13

చిట్టీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సంతోషంగా ఉంది. ఆ కుర్చీలో నువ్వు తప్ప ఇంకెవరు కూర్చున్నా అది అన్యాయమే.

నీకు గుర్తుందో లేదో, మనం మేడమీది ఇంట్లోకి మారిన రోజు బీరువా మెట్లమలుపు దగ్గర ఇరుక్కుపోయింది. నలుగురు కూలీలు, నాన్న, ఇంటాయన, అందరూ తలో సలహా. తలుపులు ఊడబీకాలన్నారు, కిటికీలోంచి తాడేసి లాగాలన్నారు. నీకు ఎనిమిదేళ్ళు. కింద మెట్టు మీద కూర్చుని మరమరాలు తింటూ "దాన్ని తలకిందులు చేసి, వీపు గోడవైపు పెట్టి, కాళ్ళు ముందు పోనివ్వండి" అన్నావు. ఇంటాయన "నోరు మూసుకో పిల్లా" అన్నాడు. ఇంకో గంట కుస్తీపట్టి చివరికి నువ్వు చెప్పినట్టే ఎక్కించారు. నాకు ఆరోజు అసూయ కలిగింది. నేను లెక్కల్లో ఫస్టు, కానీ ఆ బీరువా నా బుర్రలో అంగుళం కూడా కదల్లేదు.

పరీక్ష గురించి నేనేమీ చెప్పకూడదు. చెప్తే నా ఉద్యోగానికే కాదు, రేపు నీ పోస్టుకీ మచ్చ. ఎడమ పక్క ఒక బొమ్మ ఉంటుంది, కుడి పక్క నాలుగు. ఆ నాలుగింట్లో రెండు అదే బొమ్మని తిప్పి వేసినవి, మిగతా రెండూ అద్దంలో బొమ్మలు. ఇలాంటి వరసలు ఇరవై నాలుగు. ఇది అర్జీ కాగితంలోనే ఉంది కాబట్టి చెప్పాను. ఇంతకంటే అడగకు.

ధైర్యంగా రాయి. రోజూ చేసే పనే కదా.

అక్క


ఇంటి నుంచి,
మార్చి 9

అక్కా,

పోయింది.

నోటీసుబోర్డు మీద మేకు కొట్టి మరీ పెట్టారు. పేరు, చేసినవి, ఒప్పులు అని మూడు గళ్ళు. పాసవ్వడానికి పద్నాలుగు కావాలి. నా పేరు పక్కన: చేసినవి పదకొండు, ఒప్పులు పదకొండు. ఆ పై వరసలో ఒకాయన, బయట నుంచి వచ్చినవాడు: చేసినవి ఇరవై నాలుగు, ఒప్పులు పదిహేను. పోస్టు ఆయనది.

ఆరు నిమిషాలని అక్కడ కూర్చున్నాక తెలిసింది. నాకు బొమ్మలు కష్టంగా లేవక్కా. ఒట్టు. రెండు దొరికేవి. దొరికాక మిగతా రెండూ కావని కూడా తేల్చుకుని గాని కింది వరసకి వెళ్ళలేదు. మా షాపులో అలాగే చెయ్యాలి మరి. తొమ్మిది చెక్కలు తప్పు కోసేసి పదిహేను ఒప్పు కోశానంటే పెద్దమేస్త్రి చెవి మెలేసి బయటికి పంపడూ? గంట కొట్టేసరికి నేను పన్నెండో దాని మీద ఉన్నాను.

పదకొండుకి పదకొండూ ఒప్పే కదండీ అని మేనేజరుని అడిగాను. ఆయన మంచివాడే. కుర్చీ చూపించాడు. "అమ్మా, పరీక్ష నేను తయారుచెయ్యలేదు. పెద్ద పెద్ద చదువులవాళ్ళు చేశారు. ఆడవాళ్ళకి ఇందులో తక్కువ రావడం మామూలేనని వాళ్ళ పుస్తకంలోనే ఉంది. నువ్వేం బాధపడకు" అన్నాడు.

అప్పుడు పెద్దమేస్త్రి అక్కడే నిలబడి ఉన్నాడు. ఒక్క మాట, "ఈ మూడేళ్ళూ నా పేరు మీద వెళ్ళినవన్నీ ఈ అమ్మాయి చేసినవే" అని ఆ ఒక్క మాట అంటాడని చూశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడిచాడు. ఆ మాట అంటే, చూపు లేకుండా మూడేళ్ళు ఉద్యోగం చేశానని ఒప్పుకున్నట్టవుతుంది, రిటైర్మెంటు కాగితాలు ఇంకా చేతికి రాలేదు. నాకు అర్థమైంది. అర్థమవకపోయినా బాగుండేది.

ఆ పుస్తకంలో నిజంగా అలా ఉందా అక్కా?

చెల్లి


పరీక్షల సంస్థ,
మార్చి 20

చిట్టీ,

ఏం రాయాలో తోచక నాలుగు కాగితాలు చింపాను.

పుస్తకంలో అలాంటి వాక్యం ఒకటి ఉంది. అది సగటు మాట. వందమంది ఆడవాళ్ళనీ వందమంది మగవాళ్ళనీ కూర్చోబెడితే వచ్చే లెక్క. అందులో నువ్వెక్కడున్నావో ఆ లెక్క చెప్పదు. మగవాళ్ళు సగటున పొడుగని ప్రతి మగాడూ నీకంటే పొడుగవుతాడా? నిన్ను చూసి ఎవరూ ఆ మాట అనడానికి వీల్లేదు.

ఏడాది తర్వాత మళ్ళీ రాయొచ్చని నిబంధన ఉంది. ఈసారి రెండు దొరకగానే కిందికి వెళ్ళిపో, సరిచూసుకోకు. ఇది గుట్టేమీ కాదు, ఎవరైనా చెప్పగలిగిన మాట.

ముందే చెప్పి ఉండొచ్చు కదా అని నువ్వు అడగవు, నాకు తెలుసు. నువ్వు అడగవు కాబట్టే నాకు ముద్ద దిగడం లేదు.

ఆరోగ్యం చూసుకో. మరిదిగారికి నా మాటగా చెప్పు, నిన్ను సినిమాకి తీసుకెళ్ళమని.

అక్క


చెక్క నమూనాల షాపు,
జూన్ 2

అక్కా,

జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువేం కాదు, రాయబుద్ధి కాలేదు.

కొత్తాయన చెడ్డవాడు కాదు. వేగం ఎక్కువ. డ్రాయింగు ఇలా చూసి అలా కోసేస్తాడు, సగం చెక్క చెత్తలోకి పోతుంది, నవ్వేస్తాడు. అచ్చుపెట్టెలు ఆయనకి అంతగా రావు, అవి నాకే ఇస్తాడు. "నీ చెయ్యి బాగుంటుందమ్మా" అంటాడు. చెయ్యట.

మిగతావాళ్ళకి మాత్రం కాలక్షేపం దొరికింది. కోత మిషను దగ్గరతను రోజూ ఒక చెక్కముక్క పైకెత్తి "ఏమ్మా, ఇది నిలువా అడ్డమా, నీకు తెలుస్తోందా?" అంటాడు. మొదటి వారం నేనూ నవ్వాను. "నీ బుర్రలాగే ఉంది, అడ్డంగా" అన్నాను. అందరూ విరగబడ్డారు. రెండో నెలకి నాకు మాట దొరకడం మానేసింది.

ఒక సంగతి నీకే చెప్తున్నాను, మీ మరిదికి కూడా చెప్పలేదు. ఇదివరకు బొమ్మ దానంతటదే తిరిగేదని రాశాను కదా. ఇప్పుడు తిరిగేటప్పుడు నేను దాన్ని చూస్తున్నాను. సరిగ్గా తిరుగుతోందా అని. నేను చూడగానే అది ఆగిపోతోంది. మెట్లు దిగుతూ ఏ కాలు ముందు వేస్తున్నామా అని ఆలోచిస్తే తడబడతాం చూడు, అచ్చం అలాగ.

అందుకని సబ్బుబిళ్ళలు కొని తెచ్చుకున్నాను. ప్రతి అచ్చుపెట్టెకీ ముందు సబ్బుతో చిన్న నమూనా చెక్కి, చేత్తో తిప్పి చూసుకుని, అప్పుడు చెక్క ముట్టుకుంటున్నాను. అరగంట పనికి పూట పడుతోంది. బల్లకింద దాచుకుని చేస్తున్నాను, ఎవరైనా చూస్తే పరువు పోతుంది. ఇంట్లో బట్టల సబ్బు కొరత లేదు, అదొక్కటే లాభం.

మళ్ళీ రాయొచ్చన్నావు. రాయను.

చెల్లి


పరీక్షల సంస్థ,
జూన్ 11

చిట్టీ,

సబ్బు పారెయ్. నా మాట విను. నీకు సబ్బు అక్కర్లేదు. నువ్వు మొదట చూసిందే నమ్ము.

నీతో చెప్పాల్సిన విషయం ఒకటుంది. కాగితం మీద పెట్టే ధైర్యం ఈరోజు లేదు. వచ్చే నెల సెలవు పెట్టి వస్తాను, అప్పుడు ఎదురుగా చెప్తాను.

అక్క


ఇంటి నుంచి,
ఆగస్టు 17

అక్కకి,

నువ్వు రాలేదు. సెలవు దొరికి ఉండదు. ఇక్కడ జరిగింది రాస్తున్నాను, ఇంకెవరి ద్వారానో తెలిసే కంటే నేను చెప్పడం నయం.

నీళ్ళ పంపు తొడుగు ఒకటి వచ్చింది. కుడివైపు మూతి ఉన్నది, ఎడమవైపు మూతి ఉన్నది, రెండు రకాలు. డ్రాయింగు ఎడమదానికే గీశారు. పక్కన "కుడిది దీనికి అద్దం బొమ్మ" అని రాసి ఉంది. కుడిది కావాలి. కొత్తాయన సెలవు మీద ఉన్నాడు, నమూనా, అచ్చుపెట్టె రెండూ నా మీద పడ్డాయి.

కాగితం చూడగానే కనపడింది అక్కా. చాలా నెలల తర్వాత, పాతరోజుల్లోలాగ, లేచి నిలబడి చక్కగా తిరిగింది. మూతి ఎటు రావాలో తెలిసిపోయింది. సంతోషం వేసింది. ఆ వెంటనే భయం వేసింది. అంత సులువుగా ఎలా వచ్చింది, ఎక్కడో తప్పి ఉంటుందని. సబ్బు తీసి చెక్కాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. అద్దం బొమ్మకి తిరగేసినది, మళ్ళీ దానికి తిరగేసినది. మధ్యాహ్నానికి నాకు కుడి ఏదో ఎడమ ఏదో తెలియకుండా పోయింది. చివరికి మొదట కనపడినదాన్ని కాదని రెండోవైపు చేశాను.

ముప్పై ఆరు తొడుగులు పోసేశారు. లేతు మిషను దగ్గరికి వెళ్ళాక బయటపడింది. అన్నీ ఎడమవే. ముప్పై ఆరూ మళ్ళీ కొలిమిలోకి.

కొత్తాయన "సెలవు నుంచి రాగానే చూడకుండా సంతకం పెట్టింది నేనే, నా మీద వేసుకుంటాను" అన్నాడు. నేనే వద్దన్నాను. మేనేజరు దగ్గరికి వెళ్ళి నేనే చేశానని చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"తప్పు నీది కాదమ్మా. పరీక్ష ముందే చెప్పింది. విని కూడా నిన్ను ఆ పనిలో ఉంచినందుకు తప్పు మాది" అన్నాడు. నీళ్ళు తెప్పించి ఇచ్చాడు.

వచ్చే ఒకటో తారీకు నుంచి ప్యాకింగు విభాగంలోకి మార్చారు. పనిముట్లు అప్పగిస్తుంటే పెద్దమేస్త్రి వచ్చాడు. కళ్ళకి ఆపరేషనైందట, ఇప్పుడు బాగా కనపడుతోందట. అల్మరాలో నేను చేసిన పాత నమూనాలు ఒక్కొక్కటే తీసి వెలుతురులో పెట్టి చూశాడు. అంచుల మీద వేలు పెట్టి చూశాడు.

"ఇవన్నీ నువ్వు చేసినవేనా?"

"మీ పక్కనే కూర్చుని చేశాను కదండీ."

"చేశావని తెలుసు. ఇంత బాగున్నాయని తెలియదమ్మా" అన్నాడు. అని, అక్కడే మెట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేనేజరుతో ఇప్పుడైనా చెప్తానని లేచాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ముప్పై ఆరు తొడుగులు ఇంకా గుమ్మం బయటే గుట్టపోసి ఉన్నాయి. వాటి పక్కనుంచి నడిచెళ్ళి ఏం చెప్తాడు?

చెల్లి


పరీక్షల సంస్థ,
సెప్టెంబరు 5

చిట్టీ,

సెలవు దొరికింది. నేనే రాలేదు. టిక్కెట్టు కొని, స్టేషను దాకా వెళ్ళి, తిరిగొచ్చాను. ఇప్పుడు రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

ఆరు నిమిషాలు అని టైపు చేసింది నేను. పద్నాలుగు అని గీత గీసింది కూడా నా లెక్కే.

మూడేళ్ళ కింద ఆ పరీక్షని మూడువందలమందికి పెట్టి చూశాం. గడియారం పెట్టినప్పుడు ఆడవాళ్ళు చాలా వెనకపడ్డారు. ఆ మూడువందలమందికీ ఇంకో కాగితం ఇచ్చి, ఎంతసేపైనా చెయ్యండి అన్నప్పుడు ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. పూర్తిగా పోలేదు, అబద్ధం చెప్పను. కానీ మిగిలింది కొంచెమే. ఆ పట్టిక నేనే వేశాను. మగవాళ్ళు ఎక్కువమంది దొరికిందాన్ని టిక్కు పెట్టి ముందుకి పోయారు. ఆడవాళ్ళు ఎక్కువమంది, నువ్వు చేసినట్టే, మిగతా రెండూ కావని తేల్చుకుని గాని కదల్లేదు. డైరెక్టరుకి చూపించాను. "బాగుంది, కానీ ఫ్యాక్టరీవాళ్ళకి చిన్న పరీక్ష కావాలి. ఇది అనుబంధంలో పెడదాం" అన్నాడు. పుస్తకం అచ్చయింది. అనుబంధం లేదు. నేను అడగలేదు. ఆ ఏడే నన్ను పర్మనెంటు చేశారు.

నీ జవాబు కాగితం దిద్దింది కూడా నేనే. నీ చేతిరాత చూసి వేరేవాళ్ళకి ఇచ్చెయ్యాల్సింది, ఇవ్వలేదు. పదకొండు వరసలు, ఒక్క కొట్టివేత లేదు. పన్నెండో వరస దగ్గర పెన్సిలు ఆనించిన చుక్క ఉంది. చివర "దిద్దినవారి అభిప్రాయం" అని ఒక గడి ఉంటుంది. "ఒక్క తప్పు కూడా లేదు" అని నాలుగు మాటలు రాయొచ్చు. చుట్టరికం బయటపడుతుందని ఖాళీగా వదిలేశాను. మీ పెద్దమేస్త్రి కళ్ళజోడు తుడుచుకున్నాడని నువ్వు రాసినప్పుడు నాకు ఎలా ఉందో ఇప్పుడు నీకు తెలుస్తుంది.

ఇంకా ఉంది. మీ మేనేజరు మా సంస్థకి ఉత్తరం రాశాడు. పరీక్షలో తప్పిన ఒక ఉద్యోగిని కొద్ది నెలల్లోనే కుడి ఎడమలు తారుమారు చేసి ముప్పై ఆరు తొడుగులు పాడుచేసిందని, మీ పరీక్ష ఎంత గొప్పదో దీంతో రుజువైందని. డైరెక్టరు దాన్ని సమావేశంలో చదివి, కొత్త పుస్తకంలో ఉదాహరణగా వెయ్యమన్నాడు. టైపు చెయ్యమని నాకే ఇచ్చాడు.

"ఆమె మా చెల్లెలండీ" అన్నాను.

ఆయన కాసేపు నిజంగానే బాధపడ్డాడు. "అయ్యో. అయితే పేరు తీసేద్దాం" అన్నాడు.

అందులో పేరు లేనే లేదు. ఉద్యోగిని అనే ఉంది. టైపు చేశాను, చిట్టీ. చేసి ఇచ్చాను.

దీంతో పాటు రెండో కాగితం పంపుతున్నాను, మేం గడియారం లేకుండా ఇచ్చినది. జవాబులు వేరే కవరులో అంటించి పెట్టాను. ఒక్కసారి, నీ ఇష్టం వచ్చినంతసేపు తీసుకుని చెయ్యి. ఇరవై నాలుగుకి ఇరవై నాలుగు వస్తాయి. ఆ కాగితం పట్టుకుని డైరెక్టరు దగ్గరికి వెళ్తాను, మీ మేనేజరు దగ్గరికీ వస్తాను. ఈసారి వెనక్కి తిరగను.

అక్క


ఇంటి నుంచి,
అక్టోబరు 1

అక్కకి,

ఉత్తరం చదివాను. ఆపకుండా చదవమన్నావు, అలాగే చదివాను. మీ మరిది పక్కనే ఉన్నాడు. "ఏమంది మీ అక్క?" అంటే, క్షేమమేనట అన్నాను.

కోపం లేదని రాస్తే నువ్వు నమ్మవు. ఉంది. నువ్వు టైపు చేసినందుకు కాదు. మార్చిలో నాకు సగటుల పాఠం చెప్పావు చూడు, ఎవరో బయటిమనిషిలా. దానికి.

కాగితం ఆదివారం చేశాను. మీ మరిది గోడగడియారం తీసేసి పక్కింట్లో పెట్టి వచ్చాడు, టిక్కుటిక్కు కూడా వినపడకూడదని. భోజనాలయ్యాక కూర్చున్నాను. ఆయన గుమ్మంలో కాపలా కూర్చున్నాడు, ఎవరూ పిలవకుండా. దీపాలు పెట్టే వేళకి ముగించాను. ఒక్కో బొమ్మనీ పట్టుకుని తిప్పితే సగం దాకా వచ్చి జారిపోతోంది. పోనీ మొదట కనపడిందే రాద్దామంటే మొదట ఏదీ కనపడటం లేదు. కాగితం మీద గళ్ళు గళ్ళుగా గీతలు, అంతే. ఇరవై నాలుగూ చేశాను. నీ కవరు విప్పి సరిచూసుకుంటే తొమ్మిది ఒప్పు.

ఇంకోసారి సరిచూశాను. తొమ్మిదే.

ఆ కాగితం నీకు పంపడం లేదు, పొయ్యిలో వేశాను. అది పట్టుకుని నువ్వు ఎవరి దగ్గరికి వెళ్ళినా నీ పుస్తకంలో ఇంకో ఉదాహరణ అవుతుంది. నువ్వు చెప్పిన పట్టిక నిజమే అయి ఉంటుంది. మార్చిలో నాకు ఆరు నిమిషాలు కాక అరగంట ఇచ్చి ఉంటే ఇరవై నాలుగూ వచ్చి ఉండేవి. అది నాకు తెలుసు. మరి ఆదివారం తొమ్మిదే వచ్చాయి, అదీ నాకు తెలుసు. రెండూ నిజమే అయినప్పుడు నువ్వు ఎవరితో ఏం పోట్లాడతావు? రావద్దు. ఉద్యోగం వదులుకోవద్దు. నువ్వు వదిలేస్తే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుని టైపు చేస్తారు.

ప్యాకింగులో పని తేలిక. అట్టలు చదునుగా కట్టలు కట్టి వస్తాయి, మేం మడిచి పెట్టెలు చెయ్యాలి. ఎటు మడవాలో ఆలోచించక్కర్లేదు, రెక్కల మీద అంకెలు అచ్చువేసి ఉంటాయి. ఒకటి మడిచాక రెండు, రెండు మడిచాక మూడు. నా పక్కన చేసే ఆవిడ అంకెలు చూడకుండానే మడిచేస్తుంది. నేను చూసుకునే మడుస్తాను. ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు.

చెల్లి